నాలుగు వేళ్ల ఎత్తు

పుణె
22 జూన్ 2025

మోహిని అత్తకి,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే కట్ చేస్తున్నావు. ఉత్తరాన్ని అలా కట్ చెయ్యడం కుదరదు. చించిపారేస్తావేమో గానీ, చదవకుండా చించవు. నీ సంగతి నాకు తెలుసు. అందుకే పోస్టాఫీసు ఎక్కడుందో నలుగురిని అడిగి, వెళ్లి కవర్లు కొన్నాను.

మొన్న వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు "నెత్తిన చేపల గంప మోసింది చాలు, ఇంక ఇంట్లో కూర్చో" అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. "నాను నీ ఉద్యోగం మానీమన్నానేటి?" అని నువ్వు అడిగావు. నువ్వు అనలేదు గానీ, ఇక్కడ మాత్రం నా పనిలో వేరేవాళ్లు చెయ్యి పెట్టారు. ఈ కడుపుమంట ఎవరికైనా చెప్పుకోవాలంటే మన ఇంట్లో నువ్వొక్కదానివే కనిపించావు. మిగతావాళ్లు "సర్దుకుపో అమ్మా" అంటారు.

నేను చేసేది కార్ల బొమ్మలు గీసే పని అని పేటలో చెబుతావు కదా. ఈ రెండేళ్లూ ఒకే కారు ముందు భాగం గీశాను. ఇద్దరే కూర్చునే స్పోర్ట్స్ కారు. పక్కన నిలబడితే దాని పైకప్పు నీ గుండెల దాకా కూడా రాదు. ముక్కు రోడ్డుని వాసన చూస్తున్నట్టు కిందికి దిగి ఉంటుంది. ఆ ముక్కు గీత కోసం ఎన్ని కాగితాలు తగలేశానో, బంకమట్టితో ఎన్ని నమూనాలు చేసి చెరిపేశానో లెక్కలేదు. చివరికి కుదిరింది. చూసినవాళ్లు దాని చుట్టూ ఇంకోసారి తిరిగి చూశారు.

ఇప్పుడు ఆ ముక్కు నాలుగు వేళ్లు ఎత్తాలట! రోడ్డు భద్రత రూలు. కారుకి ఎవరో అడ్డం వస్తారని, వాళ్ల కోసం బానెట్ కింద ఖాళీ ఉంచాలని. నాలుగు వేళ్లంటే ఏమిటో తెలియాలంటే అద్దం ముందు నిలబడి, నీ ముక్కు మీద నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టుకుని చూడు. పాతకాలం స్పోర్ట్స్ కార్లకి దీపాలు బానెట్‌లోనే నిద్రపోయేవి, చీకటి పడితే రెప్ప తెరిచి పైకి లేచేవి. ఇలాంటి రూళ్ల వల్ల కూడా అవి పోయాయి. ఇప్పుడు వచ్చేవన్నీ గవదబిళ్లలు లేచిన మొహాలే.

రూలు పట్టుకొచ్చినవాడు ఎవరనుకున్నావు? ఉమామహేష్ అని, మా పరీక్షల విభాగంలో ఇంజినీరు. మన టెక్కలి వాడే. "రూలు నేను రాయలేదండి" అని నవ్వుతాడు. ఒళ్లు మండిపోతోంది.

నేను ఎత్తను. నువ్వైతే ఏం చేసేదానివో రాయి.

భాను


పేట
1 జూలై 2025

కోడలా,

ఉత్తరం అందింది. చించలేదు. కోపం కూడా తగ్గలేదు, అది వేరే ఖాతా.

అద్దం ముందు నిలబడి ముక్కు మీద నాలుగు వేళ్లు పెట్టుకుని చూశాను. మీ మావ చూసి "ఏటే, పంటి నొప్పా?" అన్నాడు. విషయం చెప్పాను. డయాలసిస్‌కి వెళ్లొచ్చి నీరసంగా పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు. "మన భాను గీసిన కారుని మారుత్తారా? ఆళ్లెవరు?" అని. బాలకృష్ణ మావకి ఈ మధ్య దేనికీ కోపం రావడం లేదు, నీ కారు పుణ్యమా అని అది వచ్చింది. సంతోషం.

ఎత్తొద్దు. ఎవడో తాగి తూలుతూ కారుకి అడ్డం వస్తే, వాడి కోసం నువ్వు రెండేళ్లు గీసిన గీత పాడుచేసుకోవాలా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఈ రూళ్లు రాసేవాళ్లని ఇక్కడ మేమూ చూస్తున్నాం.

వేట నిషేధం అయిపోయి పడవలు వెళ్లాయి. వంజరం చేపలు బాగానే పడుతున్నాయి. ఆటో మమ్మల్ని హైవేకి ఇవతల దింపుతుంది, కోటబొమ్మాళి సంత అవతల. మధ్యలో దారి ఉండేది కదా, దాన్ని మూసి ఇనప కంచె కట్టేశారు. దూరంగా ఉన్న అండర్‌పాస్ కిందనుంచి రమ్మని బోర్డు పెట్టారు. వానొస్తే అందులో మోకాలి లోతు నీళ్లు. నెత్తిన గంప, కింద బురద, ఎవడు నడుస్తాడు? మా ఆడవాళ్లం కంచెలో ఒక కమ్మీ వంచేశాం. పక్కకి తిరిగితే మనిషి పడుతుంది.

మొన్న ఒక ఆఫీసరు జీపు ఆపి, "ఏటమ్మా, ఇలాగ అడ్డంగా దాటీత్తన్నారు? సచ్చిపోతారు!" అన్నాడు. నేను గంప దించకుండానే చెప్పాను: "బాబూ, మాయమ్మ ఈ దారంటే నడిసింది. అప్పటికి నీ రోడ్డు నేదు. అడ్డమొచ్చింది మేమా, నీ రోడ్డా? నువ్వే సెప్పు." జీపెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ వస్తాడులే. మళ్లీ చెబుతాను.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు అంటారు. మొండిది ఇంకెంత బలవంతురాలో నీ ఆఫీసు వాళ్లకి తెలియాలి. ఎత్తనని గట్టిగా చెప్పు.

ఆ టెక్కలి కుర్రాడు ఎవరింటివాడో కనుక్కో. ఊరికే అడుగుతున్నాను.

కోపం తగ్గని నీ మేనత్త,
మోహిని


పుణె
13 జూలై 2025

అత్తా!

గెలిచాం!

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే మీటింగుకి వెళ్లాను. "ముక్కు ఎత్తితే ఈ కారు మీద నా పేరు ఉండదు" అని చెప్పేశాను. మా ఆఫీసు పెద్దాయన ఒక దారి చెప్పాడు. ఏడాదికి చాలా కొద్ది కార్లు మాత్రమే చేసే కంపెనీ ఈ రూలు నుంచి ప్రభుత్వాన్ని మినహాయింపు అడగొచ్చట. ముందు భాగం గీసిన మనిషి, అంటే నేను, ఈ ఆకారానికి ముక్కు ఇంత కిందికి ఉండక తప్పదని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఇంకో నెలలో ఆ కాగితం తయారవుతుంది. అంతే. ముక్కు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

మీటింగు అయ్యాక ఉమామహేష్ "ఒకసారి ల్యాబ్‌కి వచ్చి చూడండి" అన్నాడు. నేనెందుకు వెళ్తాను? అతని ఇంటి పేరు అడగలేదు, అడగను. నీ "ఊరికే" సంగతి నాకు తెలీదనుకున్నావా?

మావకి చూపించమని కారు ముందు భాగం బొమ్మ పంపుతున్నాను. ఫొటోలు బయటికి పంపితే ఉద్యోగం ఊడుతుంది, అందుకని ఇంటికొచ్చి రంగు పెన్సిళ్లతో గీశాను. ప్రస్తుతం ల్యాబ్‌లో ఉన్న కారుని, మీటింగులో చూపించిన ఫొటోలో ఉన్నది ఉన్నట్టు గీశాను కాబట్టి బానెట్ మీద పసుపు, ఎరుపు చుక్కలు కూడా వచ్చాయి. అవి వాళ్లు పెట్టినవి, పట్టించుకోకు. ఆ గీత చూడు. చక్రం పైనుంచి దిగి ముక్కు దాకా ఎక్కడా ఆగకుండా వెళ్తుంది. అది నాది.

ఆ కంచె దగ్గర మాత్రం చూసుకుని దాటు. ఇది పోట్లాట కాదు, ఊరికే అంటున్నాను.

భాను


పేట
24 జూలై 2025

బంగారు కోడలికి,

నీ బొమ్మ పేటంతా తిరిగింది. కొసలు నలిగిపోయాయి, ఒక మూల చేప నీళ్లు కూడా పడ్డాయి. ఏమీ అనుకోకు. ఇప్పుడు మన గోడకి అంటించాను.

నువ్వేమో కారు సంగతి రాశావు గానీ అసలు సంగతి దాచావు. చుక్కలు పట్టించుకోవద్దంటావా? మేము అదే ముందు చూశాం! పడవ కొత్తగా నీళ్లలోకి దిగేముందు దాని ముక్కుకి ఇంటి ఆడపడుచు పసుపు రాసి కుంకం బొట్లు పెడితే గానీ మన పేటలో ఎవరూ చెయ్యి వెయ్యరు. మీ నాన్న పడవకి నేనే పెట్టాను. బొట్టు పెట్టిన ఆడపడుచు ఆ పడవకి పూచీ. అది క్షేమంగా తిరిగొచ్చే దాకా ఆ పొద్దు ముద్ద ముట్టకూడదు. పుణెలో కూడా ఆ పద్ధతి ఉందని తెలిసి నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. కానీ ఎవరు పెట్టారే అన్ని బొట్లు? మధ్యలో పసుపు, అంచుల వెంట, దీపాల పక్కన వరసగా ఎరుపు! చేతికి అదుపు లేదు ఎవరికో. నువ్వు పెట్టాల్సింది. ఇంటి ఆడపిల్లవి నువ్వుండగా వేరేవాళ్లు పెట్టడమేమిటి? బేబి పిన్ని కూడా అదే అంది. కారు రోడ్డెక్కే రోజు ఎప్పుడో రాయి, ఆ రోజు నేను పస్తుంటాను.

ఇంకో సంగతి. కంగారు పడకు, అంతా బాగానే ఉంది. పోయిన గురువారం మన పక్కింటి తవిటమ్మని కంచె దగ్గర కారు గుద్దింది. ఆ కారువాడు బ్రేకు వేశాడు గానీ అప్పటికే ఆలస్యం అయింది. కాలు విరిగింది. మనిషి ఎగిరి బానెట్ మీద పడింది, తల ఠంగుమని తగిలింది. చచ్చిపోయిందనే అనుకున్నాం. లేచి కూర్చుని "నా గంపేదే?" అంది! టెక్కలి ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఇప్పుడు టీ సరిగ్గా లేదని నర్సులతో గొడవ పడుతోంది.

ఆ కారు చూడాలి నువ్వు. తవిటమ్మ తల తగిలిన చోట గిన్నె పెట్టినట్టు గుంట పడింది. ఆ రేకు ఏం రేకే, అప్పడంలా! ఆడమనిషి తలకే సొట్ట పడిపోతే అదేం కారు? వాడు కారు దిగి మనిషిని వదిలేసి సొట్ట చూసుకుంటుంటే నాకు పట్టరాని కోపం వచ్చింది. "సొట్ట నీది, కాలు మాది, రా ఆసుపత్రికి" అని వాణ్నే ఎక్కించుకుని వెళ్లాను.

నీ కారు మాత్రం అలా చెయ్యకు. రాయిలా చెయ్యి. ఎవరి తల తగిలినా గీత కూడా పడకూడదు. అప్పుడు కదా మా కోడలు చేసిన కారంటే!

నీ మేనత్త,
మోహిని


పుణె
3 ఆగస్టు 2025

అత్తా,

ఇది మూడోసారి మొదలుపెట్టడం. ముందు రాసినవి రెండూ చించేశాను.

అవి బొట్లు కావు అత్తా. నేనే ముందు చెప్పాల్సింది.

తవిటమ్మ పిన్ని సంగతి చదివి మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లాను. ఈ రెండేళ్లలో అదే మొదటిసారి. ఉమామహేష్ కుర్చీ చూపించాడు. అక్కడ రబ్బరు తోలు తొడిగిన గుండ్రటి లోహపు ముద్ద ఉంటుంది. మనిషి తల అంత. పిల్లల తలకి ఇంకోటి, చిన్నది. నా చేతికి ఇచ్చాడు. పీచు తియ్యని కొబ్బరికాయలు రెండు మూడు కలిపినంత బరువుంది. దాన్ని యంత్రంలో పెట్టి, వేగంగా వచ్చే కారు మనిషిని గుద్దితే తల ఎంత జోరుగా వచ్చి బానెట్‌కి తగులుతుందో అంత జోరుగా విసురుతారు. ఒక్కో చుక్క మీదా ఒక్కోసారి. లోపల ఉన్న పరికరం, ఆ తల నిజం తలైతే ఏమయ్యేదో చెబుతుంది. పసుపు చుక్క అంటే మనిషి దెబ్బలతో బయటపడొచ్చు. ఎరుపు చుక్క అంటే బతకడం కష్టం.

నువ్వే రాశావు కదా, అంచుల వెంట వరసగా ఎరుపు అని.

తవిటమ్మ పిన్ని ఎందుకు బతికిందో తెలుసా? ఆ రేకు అప్పడంలా వంగింది కాబట్టి. రేకు కింద ఖాళీ ఉంది. గుంట పడినంత మేరా తల మెల్లగా ఆగింది. నా కారులో ఆ ఖాళీ లేదు. అందమైన ఆ గీత కోసం బానెట్‌ని కిందికి, ఇంకా కిందికి దింపాను. రేకుకి తగులుతున్నట్టే చక్రం పైనుండే ఉక్కు ముక్క ఉంటుంది. నువ్వు కోరినట్టే, సరిగ్గా రాయిలా చేశాను అత్తా. తల తగిలితే గీత కూడా పడదు.

రూలు అడిగిన నాలుగు వేళ్లు ఆ ఖాళీ కోసమే. కారుకి అడ్డం వచ్చేవాళ్లు అని నేను రాశాను చూడు, ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఆ ముద్దని ఎర్రచుక్క మీదకి విసిరినప్పుడు వచ్చిన చప్పుడు విన్నాక అది నాకు నీ తలలాగే కనిపించింది.

అందుకని ముక్కు ఎత్తేస్తున్నాను. మినహాయింపు కాగితం మీద సంతకం పెట్టను. దయచేసి నువ్వు కూడా ఒక పని చెయ్యి. దూరమైనా సరే, అండర్‌పాస్ కిందనుంచే వెళ్లు. ఆ కంచె దాటొద్దు.

భాను


పేట
12 ఆగస్టు 2025

భానూ,

గోడ మీద బొమ్మ తీసేశాను.

ఊరందరికీ చెప్పుకున్నాను, నా కోడలు పుణెలో పెద్దవాళ్లని ఎదిరించి నిలబడింది అని. నెల తిరక్కుండా ముక్కు ఎత్తేస్తున్నానని రాశావు. బాగుంది. ఆ ల్యాబ్ వాడు ఒక ముద్ద చేతిలో పెడితే లొంగిపోయావు.

పైగా దాంట్లో నా తల కనిపించిందా? నా తల నా మెడ మీదే ఉంది. నీ కాగితాల్లోకి, నీ పరీక్షల్లోకి దాన్ని ఎందుకు లాగావు? నేనేమైనా దిక్కులేనిదాన్నా, నా మీద జాలితో నువ్వు పని చెడగొట్టుకోవడానికి? రేపు నీ ఉద్యోగం పోతే "అత్త కోసం పోగొట్టుకుంది" అంటారు. ఆ మాట నాకొద్దు. మీ మావ జబ్బు పడినప్పుడే ఎవరి జాలీ తీసుకోలేదు నేను.

ఇంక అండర్‌పాస్ సంగతి. జీపులో వచ్చిన ఆఫీసరు నోట వచ్చిన మాటే నీ నోటా వచ్చింది. చదువుతుంటే వాడి గొంతే వినిపించింది. కార్లు జోరుగా పోవాలి, గంపలు మోకాలి లోతు నీళ్లలోంచి పోవాలి, అంతేనా? కారు చేసేవాళ్లూ మీరే, కంచె కట్టేవాళ్లూ మీరే, భద్రత అని చెప్పేవాళ్లూ మీరే. ఆ రూలు రాసినవాడు నిజంగా నడిచేవాళ్ల గురించి ఆలోచించేవాడైతే ముందు ఆ కంచె తీయించేవాడు.

నేను దాటతాను. రోజూ దాటతాను.

మోహిని


పుణె
24 ఆగస్టు 2025

అత్తా,

జాలా? నీ మీద జాలి పడే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ కారువాణ్ని తన కారులోనే ఆసుపత్రికి లాక్కెళ్లిన మనిషివి. నాకు వచ్చింది జాలి కాదు, కోపం. నా మీద నాకు, మా పెద్దాయన మీద నాకు. నువ్వు తిట్టిన తిట్లలో సగం నాకు తగులుతాయి, మిగతా సగం చేరాల్సిన చోటికి చేరుస్తాను.

లొంగిపోయానన్నావు. ఏం జరిగిందో విను.

బంకమట్టి నమూనా మళ్లీ చేశాను, నాలుగు వేళ్లు ఎత్తి. అది తీసుకుని మీటింగుకి వెళ్లాను. పెద్దాయన దాని వంక చూడను కూడా చూడలేదు. మినహాయింపు ఉండగా ఎత్తడం ఎందుకన్నాడు. గుద్దిన క్షణంలో బానెట్‌ని వెనక నుంచి పైకి లేపే ఏర్పాటు ఉంది, అదైనా పెడదాం, గీత కూడా చాలావరకు మిగులుతుంది అన్నాను. బరువు పెరుగుతుందన్నాడు. ఆ తరవాత ఒక మాట అన్నాడు: "మన కారు కొనేవాళ్లు తిరిగే రోడ్ల మీద నెత్తిన గంపలు పెట్టుకుని ఎవరూ నడవరు." గంపల సంగతి అతనికి నేనే చెప్పాను, అది నా తప్పు.

నాకు నీ గొంతు వచ్చేసింది అత్తా. "కారు అమ్మాక వాళ్లు ఏ రోడ్డెక్కాలో కూడా మీరే రాసిస్తారా? మా ఊరి రోడ్డు హైవే. కలకత్తా పోయేవాడు, చెన్నై పోయేవాడు, అందరూ అక్కడనుంచే పోవాలి. అక్కడ మా అత్త ఉంటుంది. పక్కకి జరగదు" అన్నాను. ఉమామహేష్ ఒక్కడే, "ఎర్రచుక్కలు నేను చెరపనండి, కాగితంతో పాటు అవి కూడా వెళ్తాయి" అన్నాడు. ఆ మీటింగులో అతను అన్నది అదొక్క మాటే.

కొత్త ముక్కు పాతదంత అందంగా లేదు. నీ దగ్గర అబద్ధం ఎందుకు? పాత గీత పోయిందని ఏడ్చాను కూడా. కానీ ఈ వంకరని కూడా అందంగా చెయ్యగలను, ఇంకో రెండేళ్లు ఇస్తే. ఇవ్వడం లేదు. నన్ను ముందు భాగం నుంచి తీసేసి డిక్కీ మూతకి వేశారు. అవును, డిక్కీ మూత. నవ్వుకో.

అయితే ఆ కాగితం మీద గీసినవాళ్ల సంతకం కావాలి, గీసింది నేను. నా సంతకం లేకుండా అది కదలదు. అందుకే రోజూ పిలుస్తున్నారు. ఒకరోజు మెచ్చుకుంటారు, ఒకరోజు బెదిరిస్తారు. వచ్చే నెల మధ్యకల్లా పెట్టకపోతే ఇంక రావక్కర్లేదన్నారు. నేను రోజూ వెళ్లి ఆ నమూనాని పెద్దాయన బల్ల మీద పెట్టి, డిక్కీ మూత దగ్గర కూర్చుంటున్నాను. సాయంత్రానికి ఎవరో దాన్ని తీసి మూల పెడతారు. పొద్దున్న మళ్లీ పెడతాను.

అండర్‌పాస్ మాట వెనక్కి తీసుకున్నాను. నువ్వు చెప్పింది నిజం, కారు చేసేవాళ్లం ముందు మారాలి, ఆ తరవాతే మీకు చెప్పాలి. దాటు. కానీ ఒంటరిగా దాటొద్దు, అందరూ కలిసి దాటండి. అండర్‌పాస్‌లో నీళ్లు తోడించే దాకా ఆ ఆఫీసరుని కూడా వదలకండి.

నాకు భయంగా ఉంది అత్తా. అయినా పెట్టను. కోపం తగ్గకపోయినా ఫరవాలేదు, జవాబు మాత్రం రాయి.

నీ భాను


పేట
5 సెప్టెంబర్ 2025

భానూ, నా తల్లీ,

నీ ఉత్తరం చదివి మీ మావకి వినిపించాను. డిక్కీ మూత దగ్గర ఆయన నవ్వాడు, భయంగా ఉందన్న చోట ఏడ్చాడు. నేను ఏడవలేదు. జవాబు రాయకుండా గంప ఎత్తుకుని వెళ్లిపోయాను. నువ్వు చేసింది మంచిపనే అని మనసు చెబుతోంది, కానీ పొగరు ఒప్పుకోవడం లేదు. గీత పోయిందని నువ్వు ఏడ్చావన్న చోటే మళ్లీ మళ్లీ చదివాను. అంత ఇష్టమైనదాన్ని ఒక ముద్ద చప్పుడు విని ఎవరైనా వదులుకుంటారా అని.

నిన్న సంత. నువ్వన్నట్టే అందరం కలిసి దాటదామని చెప్పాను. పైడిరాజు ఆటోలో వచ్చినవాళ్లం, వెనక ఆటోవాళ్లు, రావివలస నుంచి కూరగాయలు తెచ్చినవాళ్లు, అంతా ఒక బారుగా నిలబడ్డాం. వెనక ఆటో నడిపే సోములు ఎర్ర తువ్వాలు ఊపాడు. లారీలు ఆగాయి. బస్సు ఆగింది. మేము కమ్మీల సందులోంచి ఒక్కొక్కరూ దూరుతుంటే, లారీల పక్కనుంచి ఒక పసుప్పచ్చ కారు జోరుగా వచ్చి నా ముందు కీచుమని ఆగింది. ఇంకో రెండడుగులు వచ్చి ఉంటే ఈ ఉత్తరం వేరేవాళ్లు రాసేవాళ్లు.

కిందికి, నేలకి అంటుకున్నట్టు ఉంది. ముక్కు రోడ్డుని వాసన చూస్తోంది. నువ్వు రాసిన మాటే గుర్తొచ్చింది. అందంగానే ఉంది, అబద్ధం ఎందుకు? లోపల కుర్రాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

నేను కారు ముందుకి వెళ్లి నిలబడ్డాను. బానెట్ మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. నా బలమంతా పెట్టి నొక్కాను. అంచు దగ్గర, దీపం పక్కన, నీ బొమ్మలో ఎరుపు ఉన్న చోటే. వేలంత కూడా దిగలేదు. కింద ఏదో గట్టిగా చేతికి తగిలింది. అప్పుడు నాకు తవిటమ్మ తల గుర్తొచ్చింది. భయం వేసింది భానూ. ఇన్నేళ్లుగా దాటుతున్నాను, ఎప్పుడూ భయం వెయ్యలేదు. నువ్వు ఆ ల్యాబ్‌లో విన్నది ఇదా అనుకున్నాను. నిన్ను లొంగిపోయావన్నాను కదా, ఆ మాట నా నోట ఎలా వచ్చిందే?

వాడు అద్దం దించి "ఏయ్, అడ్డం లే!" అన్నాడు.

నేను నెత్తి మీది గంప దించి, చేప నీళ్లు కారుతుండగానే, వాడి బానెట్ మీద పెట్టాను.

"అమ్మా, ఏం చేస్తున్నావ్! తియ్! పెయింటు పోద్ది! దీని రేటు తెలుసా నీకు?" అని దిగి వచ్చాడు. మనవాళ్లంతా నవ్వుతున్నారు. లారీ డ్రైవర్లు కూడా దిగారు.

"నీ రేటు నాకెందుకు బాబూ? నా కోడలు ఇలాటి కారు ముక్కు నాలుగు వేల్లు ఎత్తమని పుణెలో ఒక్కర్తీ కూకొని దెబ్బలాడతంది. అది గెలిసీదాక మీ కార్లు మాకు గంప దించుకోడానికి అరుగులే. నిలబడు. ఆళ్లంతా దాటాల" అన్నాను.

నిలబడ్డాడు. ఏం చేస్తాడు? అందరూ దాటారు. చివర్న బేబి పిన్ని కూడా దాటింది. అప్పుడు గంప ఎత్తుకున్నాను.

నువ్వు సంతకం పెట్టకు.

నీ అత్త,
మోహిని